సైట్ మళ్ళీ లేపాలంటే ముందు ఏం చేయాలి? కొత్త రూపమా, పాత మ్యాపులా?

కోటగోడ_నల్గొండ

మూడు నెలలుగా డ్యూటీ అయ్యాక రాత్రి పదింటికి కూర్చుని మన సైట్‌ను మళ్ళీ కడుతున్నాను. హోమ్ పేజీ మూడు రకాలుగా చేసి పోయిన ఆదివారం ఇక్కడే పెట్టాను. ఒకటి పాత రాతిగోడ బొమ్మతో, ఒకటి నల్ల రంగులో, ఇంకోటి ఫోన్‌లో బొటనవేలితో తిప్పుకునేలా. అరవై మంది తెరిచి చూసినట్టు కనిపిస్తోంది. రాసినవాళ్ళు ఒక్కరూ లేరు. బాగుందనో బాగాలేదనో ఒక్క ముక్క చెప్పడానికి ఏమైంది?

కొత్తగా చూసేవాళ్ళ కోసం చెప్తున్నా. ఇది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే కంప్యూటర్ యుద్ధాల ఆట రెండో భాగం ఆడే నల్గొండ, పాలమూరు వాళ్ళ కోసం 2006లో పెట్టుకున్న సైట్. ప్రకాశం బజార్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో ఎనిమిది సిస్టమ్‌ల మీద మొదలైన గుంపు. ఒక దశలో పొద్దున లేచేసరికి మూడు పేజీల కొత్త పోస్టులు ఉండేవి. 2015 తర్వాత పలచబడింది. డొమైన్ రెన్యూవల్ ఎవరూ చూసుకోక పేరు కూడా చేజారింది, ఇప్పుడు ఆ పేరు మీద పేకాట ప్రకటనలు వస్తున్నాయి. అది చూసినప్పుడల్లా మన ఇంట్లో వేరేవాళ్ళు కాపురం పెట్టినట్టు ఉంటుంది నాకు.

అందుకే ఈ కొత్త అడ్రస్ తీసుకున్నాను. మీకు అసలు ఏం కావాలో చెప్పండి. అక్కర్లేదంటే అదైనా చెప్పండి, నా నిద్ర నాకు మిగులుతుంది.

మిర్యాలగూడ_మంగోల్

అన్నా, నేను చూశాను. మూడోది బాగుంది. ఎందుకు రాయలేదో కూడా చెప్తా. తెరవగానే నేను వెతికింది ఆటలో ఆడుకోవడానికి నేనే తయారుచేసి 2009లో పెట్టిన సాగర్ డ్యామ్ మ్యాప్. లింక్ నొక్కితే ఖాళీ పేజీ. ఇంక రంగు గురించి ఏం చెప్పాలో తోచలేదు.

వోలోలో_వనపర్తి

14.

(తెలియనివాళ్ళకు: ఆటలో 14 కొడితే ‘ఇంక మొదలుపెట్టండిరా’ అని అరుస్తుంది. అదే నా ఓటు.)

బజ్జీబండి

వాట్సాప్ గ్రూప్ ఉంది కదా, నూటాయాభై మంది ఉన్నాం. మళ్ళీ సైట్, మళ్ళీ పాస్‌వర్డ్, ఎందుకు ఇంత పని? ఆడాలనుకుంటే గ్రూపులో ఒక మెసేజ్ పెడితే అయిపోతుంది.

పాలమూరు_విలుకాడు

బజ్జీబండి అన్నదానితో నేను ఒప్పుకోను. గ్రూపు మాట్లాడుకోవడానికి బాగుంటుంది, దాచుకోవడానికి పనికిరాదు. ఒక ఉదాహరణ చెప్తా. విండోస్ 7 వచ్చిన కొత్తలో పాత డిస్క్ వేసి ఆడితే నీళ్ళు ఎర్రగా, గడ్డి ఊదా రంగులో వచ్చేవి, గుర్తుందా? ఆట 256 రంగుల కాలంది, అదే సమయంలో డెస్క్‌టాప్ కూడా ఆ రంగుల పట్టికలో చెయ్యి పెట్టేది. టాస్క్ మేనేజర్‌లో ఎక్స్‌ప్లోరర్ మూసేసి ఆట తెరిస్తే సరైపోయేది. ఈ చిట్కా మన సైట్లో ఒక్కసారి రాశారు. మక్తల్ నుంచి ఒకాయన, కోదాడ నుంచి ఒకాయన, ఇంకా మనకు తెలియనివాళ్ళు ఎందరో గూగుల్‌లో వెతికి ఆ పేజీకి వచ్చి, అక్కడే సభ్యులయ్యారు. నేను కూడా అట్ల వచ్చినవాణ్ణే.

అదే ఇప్పుడు గ్రూపులో ఎవరైనా అడిగితే? ఎవరో చెప్తారు, పైన నలభై గుడ్ మార్నింగ్ ఫొటోలు పడతాయి, వారం తర్వాత ఇంకొకరు అదే అడుగుతారు. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో పెట్టుకున్నా అంతే, లోపల ఎంత మంచి మాట రాసినా బయట వెతికేవాడికి దొరకదు.

గద్వాల్_గజదళం

రూపం సంగతి తర్వాత, ముందు విభాగాలు సరిచేయండి. ఇప్పటికీ ‘నల్గొండ’, ‘పాలమూరు’ అని రెండే ఉన్నాయి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు మారాయి, 2019లో నారాయణపేట కూడా వచ్చింది. మాది జోగులాంబ గద్వాల జిల్లా. మాకు వేరే విభాగం కావాలి.

మిర్యాలగూడ_మంగోల్

గజదళం, ఎనిమిది జిల్లాలకు ఎనిమిది విభాగాలు పెడితే ఒక్కో దాంట్లో ఇద్దరిద్దరు కూర్చుంటారు. వచ్చినవాడు ఖాళీ గదులు చూసి వెళ్ళిపోతాడు. రెండేళ్ళు ఒక్కటే పెద్ద హాలు చాలు. నీ పేరు కింద గద్వాల అని పెద్దగా రాసుకో, సోమనాద్రి కోట బొమ్మ కూడా పెట్టుకో.

గద్వాల్_గజదళం

కోట బొమ్మ పెట్టుకోనిస్తే సరే. ఒప్పుకుంటున్నా.

లాన్‌కేబుల్

రెండు రోజులుగా పాత డబ్బా ఇప్పుతున్నా, అందుకే ఆలస్యం. 2013లో నేను తీసి పెట్టిన డేటాబేస్ బ్యాకప్ ఒక పాత హార్డ్ డిస్క్‌లో దొరికింది. మంచి వార్తా ఉంది, చెడ్డ వార్తా ఉంది.

పోస్టులన్నీ ఉన్నాయి. కానీ తెలుగులో రాసినవి తెరిస్తే ఒక్కో అక్షరం మూడు పిచ్చి గుర్తులుగా కనిపిస్తోంది. మొదట గుండె ఆగినంత పనైంది. తర్వాత చూస్తే అర్థమైంది. మనం రాసింది అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే యూటీఎఫ్-8 పద్ధతిలో, పాత టేబుల్ మాత్రం అది ఇంగ్లిష్ లాంటి భాషల లాటిన్ పద్ధతి అనుకుని దాచింది. తెలుగు అక్షరానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి, అందుకే ఒకటి మూడుగా పగిలింది. బైట్లు చెక్కుచెదరలేదు కాబట్టి వెనక్కి తిప్పొచ్చు. నిన్న రాత్రి రెండు వందల పోస్టులు తిప్పి చూశాను, ఒత్తులు, దీర్ఘాలతో సహా చక్కగా వచ్చాయి. మధ్యలో ఒకసారి సర్వర్ మార్చినప్పుడు కొన్ని నెలల పోస్టులు మాత్రం ఉత్త ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. అవి ఇంక రావు. ప్రశ్నార్థకం పడిందంటే అసలు బైట్ పోయినట్టే.

ఇక మ్యాపులు. మన సైట్ నడిచిన పీహెచ్‌పీబీబీ అనే సాఫ్ట్‌వేర్ అటాచ్‌మెంట్‌లను డేటాబేస్‌లో పెట్టదు, ఫైల్స్ ఫోల్డర్‌లో పెడుతుంది, అది కూడా అసలు పేరు తీసేసి, మ్యాప్ ఫైల్ అని చెప్పే ఎస్‌సీఎక్స్ అనేది కూడా చివర లేకుండా పొడుగాటి గుర్తుల పేరుతో. ఏ ఫైల్ ఎవరిదో చెప్పే పట్టిక డేటాబేస్‌లో ఉంటుంది. పట్టిక నా దగ్గర ఉంది. ఫోల్డర్ లేదు. చావీల గుత్తి ఉంది, ఇల్లు లేదు.

ఎవరి దగ్గరైనా సర్వర్ నుంచి దింపిన ఫోల్డర్ ఉందా? అర్థం కాని పేర్లు చూసి చెత్త అనుకుని తీసేయకండి, దయచేసి ఒకసారి వెతకండి.

ఉక్కుకత్తి

లాన్‌కేబుల్ భాయ్, ఆ తిప్పిన రెండు వందల్లో నా పేరు కనిపిస్తే చెప్పు. మా అమ్మ సైట్ కోసం రాసిచ్చిన సకినాల పోస్టు ఉండాలి, సంక్రాంతి టోర్నీ అప్పటిది.

లాన్‌కేబుల్

ఉంది. బియ్యం పిండి, వాము, నువ్వులు, అన్నీ వచ్చాయి.

రాత్రి2నుంచి8

ఈ పేరు ఎందుకు పెట్టుకున్నానో అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌లో రాత్రి రెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్క ఉండేది కాదు. ఇంటర్ చదివేటప్పుడు రెండింటికి అలారం పెట్టుకుని, స్పీకర్లు తీసేసి, చప్పుడు లేకుండా ఆడేదాన్ని. అవును, ఆడేదాన్ని. మీరంతా ఏళ్ళ తరబడి నన్ను ‘తమ్మీ’ అన్నారు, నేను సరిదిద్దలేదు. నెట్ సెంటర్‌లో ఒక మూల కూర్చుని ఆడే వీలు మా ఊళ్ళో ఆడపిల్లలకు లేదు, సైట్ ఒక్కటే నాకు దొరికిన చోటు. కానీ అక్కడ కూడా ఓడిపోయినవాణ్ణి ‘ఆడదానిలా ఆడావు’ అని రాసిన పోస్టులు నేను ఎన్ని చదివి ఊరుకున్నానో లెక్క లేదు.

సైట్ మళ్ళీ తెరవాలి, నాకు నిజంగా కావాలి. నా కూతురికి ఇప్పుడు పదకొండేళ్ళు, నా పక్కన కూర్చుని గొర్రెల్ని వెతుకుతుంది. తను చేరేలాగా ఉండాలి. హోమ్ పేజీకి ఏ రంగు వేసినా నాకు అభ్యంతరం లేదు, నియమాలు మాత్రం మొదటి రోజే రాసి పెట్టండి. ఎవరు చూసుకుంటారో పేరు కూడా రాయండి.

కోటగోడ_నల్గొండ

అక్కా, ఆ పోస్టుల్లో నావి కూడా రెండో మూడో ఉండే ఉంటాయి. తప్పు నాదే, క్షమించండి. నియమాలు మీరే రాసివ్వగలరా? చూసుకునేవాళ్ళలో మీరు ఒకరుగా ఉంటే నాకు ధైర్యం.

రాత్రి2నుంచి8

రాస్తాను. పెద్దగా ఉండవు, పది వరుసల్లోపే.

చీకటి_మ్యాప్

నియమాల మాట వచ్చింది కాబట్టి నాది కూడా వినండి. 2011లో నన్ను బ్యాన్ చేశారు. మ్యాప్ మొత్తం కనిపించేలా హ్యాక్ వాడుతున్నానని ఒకరు అన్నారు, రికార్డింగ్ కూడా చూడకుండా తీసేశారు. ఆ ఆటల రికార్డు ఫైళ్ళు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. పదమూడేళ్ళు దాటినా మనసులో ముల్లులా ఉంది. నాకు సైట్ అంటే కోపం లేదు, ఉంటే ఇక్కడికి వచ్చేవాణ్ణి కాదు. అడిగేది ఒక్కటే, బ్యాన్ చేసేముందు అవతలి మనిషి మాట వినాలి.

పాలమూరు_విలుకాడు

ఆ మాట అన్నది నేనే. నువ్వు నా గోడ వెనక దాచిన ట్రెబుషేల (రాళ్ళు విసిరే యంత్రాల) మీదికి సూటిగా వచ్చావని అన్నాను. ఆ ఫైల్ పెట్టు, ఈ రాత్రే చూస్తా.

పాలమూరు_విలుకాడు

చూశాను. పన్నెండో నిమిషంలో నీ స్కౌట్ (దారులు చూసొచ్చే గుర్రపువాడు) నా కొండ వెనక నుంచి ఒకసారి తిరిగి వెళ్ళింది, నేను గమనించలేదు. నువ్వు చూసే వచ్చావు. పొరపాటు నాది. అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే చెప్తున్నాను.

వోలోలో_వనపర్తి

ఒక స్కౌట్ వల్ల పదమూడేళ్ళ యుద్ధం. ఇద్దరూ ఒకే జట్టులో ఆడండి ఇక.

సూర్యాపేట_స్కౌట్

పాత పోస్టులన్నీ యథాతథంగా తెరవడం మంచిది కాదు. లాన్‌కేబుల్ కష్టం చూస్తే ఈ మాట అనడానికి ఇబ్బందిగా ఉంది, కానీ చెప్పాలి. మనం అప్పుడు పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలం. ‘ఆదివారం ఆడేవాళ్ళు ఫోన్ చేయండి’ అని ఇంటి ల్యాండ్‌లైన్ నంబర్లు రాశాం, బడి పేరు, గల్లీ పేరు, నాన్న దుకాణం పేరు కూడా రాశాం. నేను 2008లో ఇంకొకరి గురించి రాసిన మాటలు ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. అవి గూగుల్‌లో పడితే ఎట్లా? వాళ్ళను మనం అడగలేదు కదా.

బజ్జీబండి

ఇది మాత్రం నిజం. మా మామయ్య నంబర్ కూడా ఉంది అందులో, ఇప్పటికీ అదే నంబర్.

లాన్‌కేబుల్

న్యాయమైన మాట. నేను అనుకుంటున్నది ఇది. పాత పోస్టులు మొదట సభ్యులకే కనిపిస్తాయి, వెతుకుడు యంత్రాలకు తలుపు మూసి ఉంటుంది. ఫోన్ నంబర్‌లా కనిపించే అంకెల వరుసలన్నీ నేనే ముందు చెరిపేస్తాను. తన పోస్టులు వద్దన్నవాళ్ళు ఒక్క మాట చెప్తే తీసేస్తాం, కారణం అడగం. ఆట చిట్కాలు, మ్యాపులు, టోర్నీ ఫలితాలు మాత్రం రాసినవాళ్ళను అడిగి ఒక్కొక్కటిగా బయటి గదిలోకి తెద్దాం.

పాత పాస్‌వర్డ్‌లు ఏవీ పనిచేయవు, అందరూ కొత్తవి పెట్టుకోవాల్సిందే. పాత మెయిల్ పోయినవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళు నాకు రాస్తే, ఆ రోజుల్లో ఎవరితో ఆడేవారో అడిగి, ఆ మనిషి అవునంటే ఖాతా ఇస్తాను. ఇంకో దారి లేదు.

ఫొటోల సంగతి వేరు. మనం బొమ్మలన్నీ ఒక ఉచిత సైట్లో పెట్టి ఇక్కడ లింకులు ఇచ్చాం, 2017లో వాళ్ళు బయటి లింకులకు డబ్బులు అడగడంతో అన్నీ పోయాయి. ఇక నుంచి ఏదైనా మన సర్వర్‌లోనే పెట్టాలి, నెలకోసారి బ్యాకప్ ఇద్దరి ఇళ్ళలో ఉండాలి. ఒక్కరి దగ్గరే ఉంటే ఏమవుతుందో ఇప్పుడు చూస్తున్నాం.

ఉక్కుకత్తి

పాతవి కాపాడుకోవాలి, సరే. కానీ పాత సామాను ఒక్కటే పెట్టుకుని తలుపు తెరిస్తే చూడ్డానికి ఒకసారి వస్తారు, మళ్ళీ రారు. ఈ ఆట 1999లో వచ్చింది, ఇప్పటికీ ఆడుతున్నారంటే దానికి కారణం అభిమానులే. ఫర్‌గాటెన్ ఎంపైర్స్ అన్నది 2012లో అభిమానులు ఊరికే చేసుకున్న మాడ్, అంటే ఆటకు సొంతంగా చేసిన మార్పు. మరుసటి ఏడాదికల్లా అది అధికారిక విస్తరణగా వచ్చింది. 2019లో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఆటలో ఎంచుకునే జాతుల్లోకి ద్రవిడియన్లు వచ్చారు, వాళ్ళకు ఊట్జ్ స్టీల్ అనే ప్రత్యేక విద్య ఉంది, అది నేర్చుకుంటే కాలిబంట్ల కత్తి దెబ్బకు అవతలివాడి కవచం లెక్కలోకి రాదు. ఆ ఊట్జ్ మన ఉక్కే. నిజామాబాద్ దగ్గర కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసేవాళ్ళు. మొదటిసారి తెర మీద ఆ పేరు చూసిన రోజు నేను ఆట ఆపేసి మా నాన్నకు ఫోన్ చేశాను.

ఇంత ఉంది రాయడానికి. కాకతీయులు, రేచర్ల పద్మనాయకులు, రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ, భువనగిరి. ఎవరో వచ్చి మన కథ చేస్తారని చూడకుండా ఆటలోనే మ్యాపులు తయారుచేసే సినారియో ఎడిటర్ తెరిచి మనమే చేద్దాం. నెలకు ఒక కోట. సైట్ బతికేది దాంతోనే అని నా నమ్మకం.

మిర్యాలగూడ_మంగోల్

కోట మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, దేవరకొండ_దండు చేసిన దేవరకొండ మ్యాప్ ఎవరి దగ్గరైనా ఉందా? అప్పట్లో అన్నిట్లోకి పెద్ద సైజు, 240 గడులు అడ్డం, 240 నిలువు, చుట్టూ ఏడు కొండలు. ట్రిగ్గర్‌తో, అంటే మ్యాప్‌లో ముందే రాసి పెట్టిన సూచనతో, ఒక పశువుల కాపరి దొంగదారి చూపించేవాడు. అంత మంచి మ్యాప్ నేను మళ్ళీ ఆడలేదు.

కొత్త_బాణం

నేను ఇక్కడ కొత్త, మహబూబ్‌నగర్, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఖాతా కోసం ‘ఆటలో 30 కొడితే ఏం వినిపిస్తుంది’ అని అడిగారు, యూట్యూబ్ చూసి వోలోలో అని రాశాను. మీ పాత విషయాలు చదవడానికి బాగున్నాయి కానీ నాకు ఒక డౌట్. నేను రెండో యుగానికి వెళ్ళేసరికే అవతలివాళ్ళు గుర్రాలతో మీద పడుతున్నారు. తప్పు ఎక్కడ జరుగుతోంది? ఇక్కడ అడగొచ్చా, వేరే చోట అడగాలా?

పాలమూరు_విలుకాడు

ఇక్కడే అడుగు తమ్మీ. మొదట ఒకటి చూసుకో, పనివాళ్ళు పుట్టే నీ టౌన్ సెంటర్ ఖాళీగా ఉంటోందా? ఒక విలేజర్‌కు, అంటే పనివాడికి, 50 ఆహారం, 25 సెకన్లు. ఒకరి తర్వాత ఒకరు ఆగకుండా రావాలి. కొత్తవాళ్ళు ఓడిపోయేది గుర్రాల వల్ల కాదు, మొదటి పది నిమిషాల్లో టౌన్ సెంటర్ ఊరికే కూర్చోవడం వల్ల.

చీకటి_మ్యాప్

మొదటి ఆరుగురు గొర్రెల మీద, తర్వాతి నలుగురు కట్టెల మీద. ఆ తర్వాత ఒకణ్ణి అడవిపంది దగ్గరికి పంపి, రెండు బాణాలు వేయించి, టౌన్ సెంటర్ దాకా పరిగెత్తించు. గొర్రె మీద ఉన్నవాళ్ళు అప్పుడు పంది మీదికి మారాలి. ఇల్లు ముందే కట్టు. జనాభా నిండి ఆగిపోయావంటే ఆ సెకన్లు మళ్ళీ రావు.

రాత్రి2నుంచి8

పంది తరుముతుంటే విలేజర్‌ను టౌన్ సెంటర్ లోపలికి పంపు, పంది కింద ఆగాక బయటికి తీయి. నేను మా పాపకు నేర్పింది ఇదే. మొదట రెండుసార్లు విలేజర్ చచ్చిపోయాడు, తను ఏడ్చింది కూడా. ఇప్పుడు నాకంటే బాగా లాగుతుంది.

కొత్త_బాణం

ఇప్పుడే ఆడి వచ్చా. తొమ్మిది నిమిషాల యాభై సెకన్లకు రెండో యుగం! నిన్నటి దాకా పద్నాలుగు పట్టేది. మా హాస్టల్‌లో ఇంకో ముగ్గురు ఆడతారు, వాళ్ళను కూడా తీసుకురానా?

బజ్జీబండి

తీసుకురా. ఈ చిట్కాలు వాట్సాప్‌లో ఎన్నిసార్లు చెప్పామో, ఒక్కటీ దొరకదు ఇప్పుడు. నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నా. సర్వర్ ఖర్చులో నా వాటా ఎంతో చెప్పండి.

దేవరకొండ_దండు

గ్రూపులో లింక్ చూసి వచ్చాను. ఆ మ్యాప్ నా దగ్గర ఉంది. సీడీ మీద గీతలు పడ్డాయి కానీ చదివింది. మంగోల్, కాపరి నీకు గుర్తున్నందుకు సంతోషం.

ఒక మాట చెప్పాలి. ఆ మ్యాప్ చేసినప్పుడు నేను కోట పైకి ఒక్కసారి కూడా ఎక్కలేదు. బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూసిన గోడలు, మా తాత చెప్పిన మాటలు, అంతే. ఇప్పుడు నా ఉద్యోగం అక్కడే, ఆదివారాలు ఎక్కుతుంటాను. పైకి వెళ్ళి చూస్తే నేను ద్వారాల వరుసే తప్పుగా పెట్టాను. చెరువు ఒకటి అసలు పెట్టలేదు, దారి తిన్నగా గీశాను, నిజానికది వంపులు తిరుగుతూ ఎక్కుతుంది. ఆ వంపుల దగ్గరే కదా పైనుంచి రాళ్ళు వేసేది. తప్పు మ్యాప్‌నే మళ్ళీ అందరికీ ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు.

లాన్‌కేబుల్, ఇంకో సంగతి. అదే సీడీల కట్టలో 2012 అని రాసి ఉన్న ఒకటి ఉంది, లోపల అర్థం లేని పొడుగు పేర్లతో నాలుగు వందలకు పైగా ఫైళ్ళు. చివర ఏమీ లేదు. అప్పట్లో మోడరేటర్‌గా ఉన్నప్పుడు దింపినట్టున్నాను. నువ్వు అడిగింది ఇదేనా?

లాన్‌కేబుల్

అదే. అదే! దాన్ని మళ్ళీ డ్రైవ్‌లో పెట్టకు. ముట్టుకోకు. నేను శనివారం బస్సెక్కి వస్తున్నా, ల్యాప్‌టాప్, డ్రైవ్ రెండూ తెస్తా.

మిర్యాలగూడ_మంగోల్

నేనూ వస్తా. సాగర్ డ్యామ్ అందులో ఉంటే మిర్చి బజ్జీలు నావి.

కోటగోడ_నల్గొండ

హోమ్ పేజీ మూడూ పక్కన పెట్టేశాను. ఇప్పుడు పైన ఒక్క పెట్టె ఉంటుంది, జవాబు రాని ప్రశ్నలు అందులో ముందు కనిపిస్తాయి. దాని కింద ఈ నెల కోట. దాని కింద పాత గది తలుపు. రంగు ఏదైతే ఏం, అక్షరం ఫోన్‌లో పెద్దగా కనిపిస్తే చాలు.

దండు అన్నా, పాత మ్యాప్ అట్లే ఉంచుదాం, పక్కన కొత్తది పెడదాం. మొదటి నెల కోట దేవరకొండే. ఆదివారం నేను కూడా మీతో ఎక్కుతాను, ద్వారాలు ఒక్కొక్కటీ లెక్క పెట్టుకుంటూ ఫొటోలు తీద్దాం.

కొత్త_బాణం

మేం నలుగురం హాస్టల్ నుంచి రావచ్చా? పొద్దున ఎన్నింటికి?

దేవరకొండ_దండు

ఎండ ముదరకముందే ఎక్కాలి. ఆరింటికల్లా బస్టాండ్ దగ్గర ఉండండి. నీళ్ళ సీసాలు తెచ్చుకోండి, పైన దొరకవు.